రెండో గీత

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. చిన్నప్పుడు మా అమ్మ "నీ కాళ్ళలో చక్రాలున్నాయేమే" అని తిట్టేది. నలభై దాటినా ఆ చక్రాలు అరగలేదు. ఫోన్ మాట్లాడుతూ ఇల్లంతా తిరుగుతాను. అన్నం తింటూ తింటూ లేచి కిటికీ దాకా వెళ్ళొస్తాను. ఆ లెక్కన నా ఉద్యోగం నాకు భలే సరిపోయింది. గచ్చిబౌలిలో మా చుట్టూ ఉన్న అద్దాల మేడల్లో జనం కుర్చీలకు అతుక్కుపోయి కోడ్ రాస్తుంటే, మా చిన్న ల్యాబ్‌లో మేం నిలబడి పిండి పిసుకుతుంటాం. ఒకసారి ఆఫీసు బస్సులో పక్క సీటావిడ "మీరు ఏ టెక్నాలజీ మీద చేస్తారండీ?" అని అడిగింది. "గోధుమ పిండి మీదండీ" అన్నాను. వేళాకోళమనుకుందో ఏమో, మూతి ముడుచుకుని ఫోన్ తీసుకుంది.

వేళాకోళం కాదు, నిజంగా గోధుమ పిండే. గోధుమ గింజ తన మొలక కోసం కొంత ప్రొటీన్ దాచిపెట్టుకుంటుంది. ఇంకా బయటి లోకం చూడని పసిదానికి తల్లి ముందుగానే కట్టి ఉంచిన సద్దిమూట అది. పిండిని ముద్ద చేసి కుళాయి కింద పిసుకుతూ పోతే గంజంతా తెల్లగా కారిపోయి, చివరికి చేతిలో రబ్బరులా సాగే జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. పరోటా సాగినా, బ్రెడ్డు పొంగినా దాని చలవే. కానీ మహా మొండిది, నీళ్ళలో కరగదు. దాన్ని పలచని ఆమ్లంలో వేసి వేడి చేస్తే, దాని అణువుల పక్కన వేలాడే చిన్న కొస ఒకటి తెగుతుంది. అప్పుడు మెత్తబడి నీళ్ళలో కలుస్తుంది, నురగ కడుతుంది. ఆరబెట్టి పొడి చేస్తే సూపుల్లోనూ సాసుల్లోనూ వాడుకోవచ్చు. ఆ కొసలు ఎన్ని తెగాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఇన్నేళ్ళుగా నా పని. ఎక్కువైతే చేదెక్కుతుంది, తక్కువైతే అడుగున పేరుకుంటుంది.

మా ల్యాబ్ టెక్నీషియన్ జనగామ వైపు అమ్మాయి. ఉన్నమాట మొహం మీద అనేస్తుంది. ఒకరోజు బీకరు కలుపుతూ "మేడం, దీన్ని గిట్ల మార్చుడైతే మారుస్తున్నం గని, మార్చినంక ఇది గోధుమేనా, ఇంకోటా?" అంది.

"పేరు గోధుమే. గుణం వేరు" అన్నాను గొప్పగా. పెద్ద వేదాంతం చెప్పినట్టు ఆ రోజంతా నాలో నేనే మురిసిపోయాను.

మా అమ్మాయికి అప్పటికి ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ కిందట కుట్టించిన స్కూలు యూనిఫాం ఇంకా సరిపోతోందని నేను డబ్బు మిగిలినట్టు సంబరపడేదాన్ని. సిగ్గులేని సంబరం. పిల్ల ఎదగడం లేదని, రోజు విడిచి రోజు కడుపు పట్టుకుని ముడుచుకుంటోందని, మొహం పాలిపోయిందని మా అత్తయ్యే ముందు గమనించారు. రక్తపరీక్ష, ఆ తరువాత కడుపులోకి గొట్టం వేసి చూసే పరీక్ష, అన్నీ అయ్యాక డాక్టరమ్మ సీలియాక్ అని చెప్పింది. గోధుమ పడదు, జన్మంతా ఒక్క రవ్వ కూడా లోపలికి పోకూడదు.

ఆవిడ కాగితం మీద పేగు బొమ్మ గీసి వివరించబోతే "నాకు తెలుసండీ" అన్నాను. ఎందుకు తెలియదు? పేగు గోడలో ఒక ఎంజైమ్ ఉంటుంది. అది గోధుమ ప్రొటీన్ పక్కన వేలాడే ఆ చిన్న కొసనే తెంపుతుంది. అందరి కడుపుల్లోనూ తెంపుతుంది. కొందరి ఒంట్లో మాత్రం, అలా మారిన ప్రొటీన్‌ను చూడగానే రక్షణ దళమంతా దొంగ వచ్చాడన్నట్టు లేచి, దొంగను వదిలేసి సొంత ఇంటి గోడలే పగలగొడుతుంది. అంటే నేను జీతం తీసుకుని బీకరులో చేసే పనే నా కూతురి కడుపులో ఊరికే జరిగిపోతోంది. నేను కుర్చీలోంచి లేచి ఆ చిన్న గదిలో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను.

"కూర్చోండమ్మా" అంది డాక్టరమ్మ.

"కూర్చోలేనండీ" అన్నాను.

ఆ సాయంత్రమే నిజాంపేటలో మా ఇంటి వంటగది ఖాళీ చేయడం మొదలైంది. మాది అనంతపురం వైపు, అత్తయ్యది గోదావరి వైపు. పాప పుట్టినప్పటినుంచి ఆవిడ మా దగ్గరే ఉన్నారు, వంటగది ఆవిడ రాజ్యం. అల్మారాలోంచి ఒక్కో డబ్బా తీసి చూపిస్తుంటే నేను నడుము మీద చేతులు పెట్టుకుని తీర్పులు చెబుతూ పోయాను.

"బొంబాయి రవ్వ?"

"బయటికి."

"సేమ్యా?"

"బయటికి."

"ఇడ్లీ రవ్వ?"

"అది బియ్యమే. ఉంచండి."

"మరి ఇంగువ?"

నాకు నవ్వొచ్చింది. "ఇంగువ చెట్టు పాలు అత్తయ్యా. దానికీ గోధుమకీ ఏం సంబంధం? ఉంచండి."

"ఏమోనమ్మా, ఈ మాయదారి గోధుమ ఎక్కడెక్కడ నక్కి కూర్చుంటుందో అని అడిగాను. నీకు తెలిసినంత నాకేం తెలుస్తుందీ" అని డబ్బాను పోపుల పెట్టె పక్కన మళ్ళీ పెట్టేశారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో చపాతీ లేదు, ఉప్మా లేదు, పుట్టినరోజుకు కేకు లేదు. అత్తయ్య ఏమాత్రం బాధపడలేదు. "మేం గోదారోళ్ళం. మాకు గోధుమలేంటమ్మా, జ్వరమొస్తే రొట్టె ముక్క తినడం తప్ప" అని పాపకు మూడు పూటలా అన్నం, పప్పుచారు, మినపరొట్టె, దిబ్బరొట్టె చేసి పెట్టేవారు. అన్నం తినే వాళ్ళకు ఇదొక రోగమా అని ఇద్దరం ధైర్యం చెప్పుకున్నాం. ఆరు నెలల్లో పిల్ల కోలుకుంటుందని డాక్టరమ్మ కూడా అంది.

ఆరు నెలల తరువాత మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే, గోధుమ మీద ఒళ్ళు చేసే యుద్ధాన్ని కొలిచే అంకె ఉన్నచోటే ఉంది.

"ఎక్కడో తెలియకుండా లోపలికి పోతోందండీ" అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మాట చాలు, నా కాళ్ళలో చక్రాలకు నూనె పోసినట్టయింది. మొదట నన్ను నేనే అనుమానించాను. రోజంతా గోధుమ దుమ్ములో ఉండేదాన్ని కదా, జుట్టులోనో గోళ్ళలోనో మోసుకొస్తున్నానేమో అని. ఇంటికి రాగానే చెప్పులు తలుపు బయట వదిలి నేరుగా స్నానాల గదిలోకి పరుగెత్తేదాన్ని. పిల్ల "అమ్మా" అంటూ ఎదురొస్తే "దగ్గరికి రావద్దు, ఆగు!" అని అరిచేదాన్ని. కొన్నాళ్ళకు అది ఎదురు రావడం మానేసింది.

తరువాత స్కూలు. పక్క పిల్లల టిఫిన్ డబ్బాలు, ఆయా చేతులు, చివరికి డ్రాయింగ్ క్లాసులో ఆడుకునే రంగుల పిండిముద్దలు కూడా వదల్లేదు. టీచరుతో గొడవపడ్డాను. ఆవిడ పాపం ఓపిగ్గా "మీ పాప ఎవరిదీ ఒక్క ముద్ద ముట్టుకోదండీ. చాక్లెట్ ఇచ్చినా వెనక ఏం రాసుందో చదివి తీసుకుంటుంది" అంది. నాకు గర్వం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి.

ల్యాబ్‌లో నా తిరుగుడు చూసి మా టెక్నీషియన్‌కే విసుగొచ్చింది. "ఏంది మేడం, పొద్దటిసంది గట్ల తిరుగుతనే ఉన్నరు. జర కూసోండ్రి. ఫికర్ చేస్తే పాపకు తగ్గుతదా?" అని, కాసేపాగి, "మన దగ్గర పరీక్ష పట్టీలున్నయ్ గద. డేట్ అయిపోవస్తున్నయ్. సార్‌ను అడిగి తీస్కపోయి ఇంట్ల అన్నీ చూస్కోరాదుండ్రి?" అంది.

ఆ మాట నాకెందుకు తట్టలేదు! మా ల్యాబ్‌లో గ్లూటెన్ జాడ కనిపెట్టే కాగితపు పట్టీలు ఉంటాయి. అనుమానమున్న పదార్థాన్ని ఒక ద్రావణంలో కలిపి, పట్టీ ముంచి, పది నిమిషాలు ఆగాలి. ఒక గీత వస్తే గోధుమ లేదు, రెండు వస్తే ఉంది. నెల తప్పినప్పుడు ఆడవాళ్ళు చూసుకునే పరీక్ష లాంటిదే. మా మేనేజర్‌ను అడిగి ఒక పెట్టెడు తెచ్చుకున్నాను.

మొదటి రోజే దొంగ దొరికాడనుకున్నాను. అత్తయ్య గిర్నీలో ఆడించి తెచ్చే బియ్యప్పిండిలో రెండో గీత కనిపించింది. ఆ రాళ్ళ మీదే గోధుమలూ ఆడిస్తారు కదా. నేరుగా గిర్నీకి వెళ్ళి ఆయన మీద విరుచుకుపడ్డాను. "నాకేమెరుక మేడం? అందరి పిండీ గీ గిర్నీలనే పడుతం. గింత పిండి పిల్లకు పడదంటె గిర్నీ బంద్ చేసుకోవాల్నా?" అన్నాడాయన. న్యాయమే. ఇంట్లోకి చిన్న మర కొన్నాం. ఇక అంతా బాగైపోతుందని ఆ వారం నేను ఒక్కచోట కూర్చుని రెండు సినిమాలు కూడా చూశాను.

మూడు నెలల తరువాత అంకె కాస్త దిగింది, కాస్తంటే కాస్తే. పిల్ల కడుపునొప్పి మాత్రం పోలేదు. నొప్పి అన్నప్పుడల్లా అత్తయ్య మజ్జిగలో చిటికెడు ఇంగువ, ఉప్పు కలిపి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తాగించేవారు. "తాగు బంగారం, వాయువంతా దిగిపోతుంది" అని వీపు నిమిరేవారు. ఆవిడ చేతి చలవో ఏమో, కాసేపు తగ్గేది. మర్నాడు మళ్ళీ మామూలే.

నేను ఇంట్లో అనుమానం తగిలిన ప్రతి వస్తువునూ ముంచి చూశాను. ఉప్పు, కారం, చింతపండు, పళ్ళు తోముకునే పేస్టు, దేవుడి ప్రసాదం, అన్నిటికీ ఒకటే గీత. పిచ్చి పట్టేలా ఉంది. వస్తువులు అయిపోయాయి, ఇక మిగిలింది మనుషులే.

ఒక శనివారం దుప్పట్లు ఉతకడానికి తీస్తుంటే అత్తయ్య దిండు కింద బిస్కెట్ ప్యాకెట్ దొరికింది. గోధుమ బిస్కెట్లు. సగం తినేసి, రబ్బరు బ్యాండు వేసి దాచి ఉంది. నా ఒళ్ళు భగ్గుమంది. మా సీమ నోరు మంచిది కాదని మా ఆయన ఊరికే అనడు. ఆ ప్యాకెట్ పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి అడక్కూడని మాటే అడిగేశాను.

"పిల్ల ఏడిస్తే జాలిపడి పెడుతున్నారు కదూ? ఎన్నాళ్ళనుంచి?"

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "నేను పెట్టలేదమ్మా" అన్నారు.

"మరి ఇదేంటి? దొంగచాటుగా దాచుకోవడం దేనికి?"

"టీలో ముంచుకుంటాను. వయసైపోయింది కదా, ఉత్త టీ దిగట్లేదు. ఇంట్లోకి తేవద్దన్నావని నీకు చెప్పడానికి భయపడ్డాను. తిని, చేతులు కడుక్కున్నాకే పాప దగ్గరికి వెళ్తాను."

"అబద్ధాలు చెప్పకండి అత్తయ్యా. నేను ఇల్లంతా పరీక్ష చేశాను. ఇక మీరే మిగిలారు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే భయం వేసింది. ఆవిడ ఏడవలేదు. "నా మనవరాలికి నేను విషం పెడతానా అమ్మాయ్?" అని మాత్రం అడిగి స్టవ్ ఆపేశారు. ఆ సాయంత్రం కొడుకుని పిలిచి, రాజమండ్రిలో ఉన్న చెల్లెలింటికి టికెట్ తీయమన్నారు.

"నీ దగ్గర రుజువుందా?" అన్నాడు మా ఆయన నాతో. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి.

"ఆ ప్యాకెట్ చాలదా?"

"ల్యాబ్‌లో కూడా ఇలాగే తేలుస్తావా?"

నేను తడి దుప్పట్లు తీసుకుని ఆరేయడానికి వెళ్ళిపోయాను. పంతం అలాంటిది. మర్నాడు ఆయన అమ్మను లింగంపల్లి స్టేషన్‌కు తీసుకెళ్తుంటే నేను బాల్కనీలో నిలబడ్డాను. గుమ్మం దాటేముందు ఆవిడ వెనక్కి తిరిగి నాతో ఒకే ఒక్క మాట అన్నారు. "నొప్పి అంటే మజ్జిగలో ఇంగువ వేసి ఇవ్వు. ఎర్రమూత డబ్బాలో ఉంది."

తరువాతి ఆదివారం పొద్దున పిల్ల మళ్ళీ కడుపు పట్టుకుంది. నేను మజ్జిగ చిలికి, ఎర్రమూత తీసి చిటికెడు ఇంగువ వేసి తెచ్చాను. అది గ్లాసు అందుకోకుండా నావైపు చూసింది. నానమ్మ ఒడి లేని మజ్జిగ దానికి రుచించదు.

"అమ్మా, దీన్ని ముంచి చూశావా?"

"మజ్జిగలో ఏముంటుందే, తాగు."

"అన్నీ చూశావు కదా, ఇది చూడలేదు. నేను ముంచుతాను. ఒక్కసారి."

పట్టీలు మూడే మిగిలాయి. ఊరుకోబెట్టడానికి ఒకటి ఇచ్చాను, ముంచడం చూపించాను. దానికదొక ఆట. నేను అలవాటు ప్రకారం గదిలో పచార్లు చేస్తుంటే అది అరిచింది. "అమ్మా, రెండు!"

పట్టీ పాడై ఉంటుందనుకున్నాను. రెండో పట్టీ ఉత్త మజ్జిగలో ముంచాను. ఒకటే గీత. మూడోదానికి ఇంగువ మాత్రం కలిపి ముంచాను. రెండో గీత మొదటిదానికంటే ముదురుగా, తొందరపడి వచ్చినట్టు వచ్చేసింది.

డబ్బా తిప్పి చూశాను. కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో అందులో ఏమేం కలిపారో వరుసగా రాసి ఉంది. మొదటి పేరు గోధుమ పిండి. ఇంగువ పేరు ఆఖరున ఉంది. ముడి ఇంగువ ఘాటుకు ఎవరూ తట్టుకోలేరని పిండి కలిపి అమ్ముతారు. ఏనాటినుంచో అంతే. మార్చిన గోధుమ ఎక్కడెక్కడ దూరుతుందో ఊరందరికీ వివరించే నేను, నా పోపుల పెట్టె పక్కనున్న డబ్బా వెనక్కి తిప్పి చదవలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు గిర్నీ ఆయన్నీ టీచర్నీ ఏడిపించాను. నొప్పి వచ్చిందని ఇంగువ, ఇంగువ వల్ల నొప్పి. ఎన్ని గ్లాసులో!

అప్పుడు గుర్తొచ్చింది, 'మరి ఇంగువ?' అని ఆవిడ అడిగిన ప్రశ్న. నేను నవ్వడం కూడా గుర్తొచ్చింది.

ఫోన్ చేశాను. అత్తయ్య ఎత్తారు, వెనక చెల్లెలింట్లో కుక్కర్ కూతలు వినిపిస్తున్నాయి. "ఇంగువలో గోధుమ పిండి కలుపుతారట అత్తయ్యా. దాంట్లోంచే పోతోంది" అన్నాను.

"అయ్యో! ఎన్నిసార్లు తాగించానమ్మా. నొప్పన్నప్పుడల్లా ఈ చేత్తోనే..." అని ఏడవడం మొదలుపెట్టారు. నాకు దిండు కింద ప్యాకెట్ దొరికిన రోజు కూడా ఏడవని మనిషి.

"మీ తప్పు కాదు. మీరు అడిగారు. ఏం కాదని చెప్పింది నేనే."

ఆవిడ ముక్కు చీదుకున్నారు. "అవునమ్మా, అడిగాను" అన్నారు.

అంతే. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! మా ఇళ్ళల్లో అయితే తిట్టుకుని, ఏడ్చుకుని, ఆ పూటకే అన్నాలు కలిపి తినేవాళ్ళం. "తప్పు నాదే అత్తయ్యా, వచ్చేయండి" అన్నాను. "చూస్తాలే" అని పెట్టేశారు.

పిల్ల సంగతి ముందే చెప్పేస్తాను, మీ ప్రాణం కొట్టుకోకుండా. ఆ తరువాతి పరీక్షల్లో అంకె దిగుతూ వచ్చింది. ఆ యూనిఫాం పొట్టిదైంది. కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ అంకె కాదు, అత్తయ్య తిరిగొచ్చిన పూట.

రెండు వారాల తరువాత వచ్చారు. కాళ్ళు కడుక్కుని, పిల్లను ముద్దాడి, సంచీలోంచి ఒక గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టారు. ఇల్లంతా గుప్పుమంది. ఇంగువ కట్టిన గుడ్డ అని మాటల్లో అనడమే కానీ కళ్ళారా చూడడం నాకదే మొదటిసారి. లోపల గోధుమరంగు గడ్డలు, రాయిలా ఉన్నాయి.

"ముడి ఇంగువ. మూలికల కొట్టాయన పిండి కలపలేదని దేవుడి మీద ఒట్టేశాడు" అన్నారు.

నేను ఒక గడ్డ తీసి వాసన చూశాను. "ఇది అచ్చమైన బంకే అత్తయ్యా, చూస్తేనే తెలుస్తోంది. ఇందులో గోధుమ ఉండదు. వాడుకోవచ్చు" అన్నాను, అలవాటు కొద్దీ, అదే గొంతుతో.

ఆవిడ ఆ గడ్డను నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మూటలో పెట్టి, దాని మీద అరచెయ్యి వేశారు. కోపంగా కాదు, మెల్లగానే అన్నారు.

"నీ మాట వద్దమ్మా. గీత చూపించు."

ల్యాబ్‌నుంచి తెచ్చిన కొత్త పట్టీ తీశాను. గడ్డ కొస గీకి ద్రావణంలో కలిపి, పట్టీ ముంచి బల్ల మీద పెట్టాను. మొదటి గీత వచ్చింది. నేను అలవాటు కొద్దీ లేవబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని "కూర్చో" అన్నారు. పిల్ల మా ఇద్దరి మధ్యకు దూరింది. రెండోది రాకూడదని మొక్కుకుంటూ, ముగ్గురం ఆ కాగితం ముక్క మీదికి వంగి పది నిమిషాలూ కూర్చున్నాం. నేను లేవలేదు.